ముగ్గు పోయకముందే అడగాల్సినవి: తిరుపతి, చిత్తూరు ఎండలకు తగిన ఇంటి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంజనీరును కాను. రేణిగుంట దారిలో మూడు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నాను. ఆ తర్వాత బంధువులవి, స్నేహితులవి మరో నాలుగైదు ఇళ్ళు దగ్గరుండి కట్టించాను. అప్పటి నుంచి స్థలం కొన్నవాళ్ళు ఫోను చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. అందరికీ మొదట చెప్పే మాట ఒక్కటే. పునాది తవ్వడానికి నేల మీద ముగ్గు పోసిన రోజుకే ఆ ఇంటి కరెంటు బిల్లు, నీటి కష్టం సగానికి పైగా తేలిపోతాయి. ముందురోజు వరకు కాగితం మీద మార్చుకోవడానికి రబ్బరు ముక్క చాలు. పునాది పడ్డాక అదే మార్పుకు లక్షలు కావాలి.

చదరపు అడుగుకు ఎంత అవుతుంది? ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

ధర నెల నెలా మారుతుంది. సామాను లెక్క మాత్రం పెద్దగా మారదు. పిల్లర్లు, స్లాబు ఉన్న మామూలు ఇంటికి చదరపు అడుగుకు సుమారు 0.4 బస్తా సిమెంటు, మూడున్నర నుంచి నాలుగు కిలోల ఇనుము పడతాయి. 900 చదరపు అడుగులకు దాదాపు 360 బస్తాలు, మూడున్నర టన్నులు. ఈ లెక్క జేబులో పెట్టుకుంటే, ఎవరైనా 500 బస్తాలు రాసి ఇచ్చినప్పుడు ఎందుకని అడగగలరు.

అసలు పొదుపు సామానులో కాదు, విస్తీర్ణంలో ఉంది. చదరపు అడుగు 2,000 రూపాయలు అనుకోండి. అక్కర్లేని 100 చదరపు అడుగుల గదికి రెండు లక్షలు. బ్యాంకులో 9 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకు తీసుకుంటే నెలకు దాదాపు 1,800 రూపాయలు, చివరికి నాలుగు లక్షల పైచిలుకు. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం కట్టిన గదుల్లో మిగతా రోజులు సూట్‌కేసులు, పాత పరుపులు పడి ఉండడం చాలా ఇళ్ళలో చూశాను. దాని బదులు హాలులో ఒక దివాన్, మిద్దె మీద పడుకోవడానికి వీలుగా పందిరి వేసుకుంటే చుట్టాలూ సంతోషిస్తారు.

రెండో దుబారా ముందువైపు ఎలివేషన్, అంటే ఇంటి ముఖానికి చేసే హంగులు. ఆ డబ్బులో సగం మిద్దె మీద, మిగతా సగం నీటి గొట్టాల మీద పెట్టండి. గుమ్మాలకు టేకే ఉండాలన్న పట్టుదల కూడా వద్దు. సింహద్వారానికి టేకు పెట్టుకుని, కిటికీలకు, వెనుక గుమ్మాలకు మన జిల్లా రాతి ద్వారబంధాలు వాడితే చెదలు పట్టవు, వానకు ఉబ్బవు. వంటింటి అలమరలకు కడప బండలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటికి సాటివచ్చేవి నాకింకా కనబడలేదు.

తూర్పు ముఖం స్థలం దొరకలేదు. పడమర ముఖం స్థలంలో కడితే ఇల్లు ఉడికిపోతుందా?

గుమ్మం ఎటువైపు ఉందన్నది ముఖ్యం కాదు. ఏ గోడ మీద ఎండ ఎంతసేపు పడుతుందన్నది ముఖ్యం. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 13.6 డిగ్రీల దగ్గర ఉంది, చిత్తూరు 13.2 దగ్గర. ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి మధ్య నెలల్లో కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అంటే మే, జూన్‌లలో దక్షిణం గోడకు ఎండ బెడద తక్కువ. డిసెంబరులో దక్షిణానికి దిగినా, మధ్యాహ్నం 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ వేస్తే ఆ వేళ రెండున్నర అడుగులకు పైగా నీడ దొరుకుతుంది.

బాధంతా పడమరతోనే. సాయంత్రం నాలుగు గంటల ఎండ అడ్డంగా వస్తుంది. ఎంత పెద్ద సన్‌షేడ్ వేసినా దాని కింద నుంచి లోపలికి దూరుతుంది. తూర్పున కూడా ఎండ అలాగే అడ్డంగా వస్తుంది, కానీ పొద్దున గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. అందుకని పడమటి వైపు పెద్ద కిటికీలు పెట్టకండి. మెట్లు, స్నానాల గది, సామాన్ల గది, గోడ అలమరలు అటు నెట్టండి. పడమర ముఖం ఇల్లైతే ముందు ఆరడుగుల లోతున వసారా ఇచ్చి, వసారాకు వెదురు తడికె కట్టుకోండి. తడికె పగలంతా అక్కర్లేదు, మూడింటి నుంచి ఆరింటి దాకా దించితే సరిపోతుంది.

వాస్తు ప్రకారం నైరుతిలో పడకగది కట్టాం. రాత్రంతా నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మా చెల్లెలిది చిత్తూరు. ఒక మే నెలలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, రాత్రి తొమ్మిదిన్నరకు నైరుతి గదిలో పడమటి గోడకు అరచెయ్యి ఆనించాను. దోసెలు పోసి పొయ్యి ఆర్పేసిన పెనం అరగంట తర్వాత ఎలా ఉంటుందో అలా ఉంది గోడ. అదే గదిలో తూర్పు గోడ చల్లగా ఉంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మీద మధ్యాహ్నం పడిన వేడి లోపలి ముఖానికి చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది. మనం పడుకునే వేళకు సరిగ్గా అది లోపలికి వస్తుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలే మన మీదికి తిరుగుతుంది.

వాస్తును కాదనాల్సిన పని లేదు. నైరుతిలో బరువు ఉండాలంటారు కదా, ఓవర్‌హెడ్ ట్యాంకు ఆ మూలే కట్టండి. ఆ గది మిద్దెకు కొంత నీడ దొరుకుతుంది. మెట్లు పడమటి గోడ వెంబడి బయట నుంచి ఎక్కిస్తే ఆ గోడ కూడా ఎండ నుంచి తప్పించుకుంటుంది. లోపల ఆ గోడకు నిలువెత్తు అలమర పెట్టించి బట్టలు నింపండి. మా చెల్లెలి ఇల్లు అప్పటికే పూర్తయింది కనుక వేరే దారి చూశాం. గోడకు అడుగున్నర దూరంలో ఇనుప పైపుల చట్రం నిలబెట్టి బచ్చలి, శంఖుపువ్వు తీగలు ఎక్కించాం. తర్వాతి వేసవిలో రాత్రి మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను. రెండు గోడలకూ తేడా పెద్దగా తెలియలేదు. పప్పులోకి బచ్చలి ఆకు కూడా ఇంట్లోదే.

మిద్దె వేడి తగ్గించడానికి ఏది మేలు?

ఒక్క అంతస్తు ఇంటికి ఎక్కువ వేడి వచ్చేది గోడల నుంచి కాదు, పైకప్పు నుంచి. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా అది ఎండలోనే ఉంటుంది. కాబట్టి డబ్బు కొంచెమే ఉంటే మొదట ఇక్కడ పెట్టండి.

అన్నిటికంటే చవక సున్నం. జిగురు కలిపి వేసవికి ముందు రెండు పూతలు వేస్తే చాలు, ఏటా వేసుకోవాలి. అంతకంటే మన్నికైనది తెల్ల టైల్స్ పెంకు ముక్కలు. టైల్స్ కొట్లలో పగిలినవి చవకగా ఇస్తారు. వాటిని సిమెంటులో పరిచి, వాలు సరిగ్గా ఇస్తే ఎండను వెనక్కి కొడతాయి, వాన నీటినీ ఆపుతాయి. చాలామంది ముదురు ఎరుపు టైల్స్ పరిచి చల్లగా ఉంటుందనుకుంటారు. ముదురు రంగు ఎండను తాగుతుంది, తెలుపు తిప్పికొడుతుంది.

పాత మిద్దెల మీద ఇటుక కంకర, సున్నం కలిపి దిమ్మెసతో రోజుల తరబడి కొట్టేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు ఆ సున్నంలో పోసేవారు. అది చేయగల పనివాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటే తప్పకుండా చేయించండి. మందంగా ఉండే ఆ పొర వేడిని బాగా ఆపుతుంది.

స్లాబులోనే పొదుపు చేయాలనుకునేవారికి ఫిల్లర్ స్లాబు ఉంది. స్లాబు కింది సగంలో కాంక్రీటు చేసే పని తక్కువ. అక్కడ ఇనుప చువ్వల మధ్య మంగుళూరు పెంకులు జతలుగా బోర్లించి పైన కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు మిగులుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని అడ్డుకుంటుంది. డిజైన్ మాత్రం తప్పనిసరిగా స్ట్రక్చరల్ ఇంజనీరు గీయాలి.

గోడలకు ఎర్ర ఇటుకా, బూడిద ఇటుకా, తెల్ల బ్లాకులా?

దగ్గరలో ఏది నాణ్యంగా దొరికితే అది. ఫ్లైయాష్ అనే బూడిద ఇటుకలు అంచులు తిన్నగా ఉంటాయి కనుక సిమెంటు, పూత తక్కువ పడతాయి. లోపల గాలి బుడగలుండే తెల్లని ఏఏసీ బ్లాకులు తేలిక, వేడిని మామూలు ఇటుక కంటే బాగా ఆపుతాయి, పడమటి గోడకు అవి మంచివి. అయితే మేకు దిగితే పట్టు తక్కువ, తడి తగిలే చోట జాగ్రత్త అవసరం. పలమనేరు, కుప్పం వైపు ఎర్రమట్టి ఉన్నవారు 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి యంత్రంతో నొక్కిన మట్టి బ్లాకులు అక్కడికక్కడే చేసుకోవచ్చు. కాల్చే పని లేదు, లారీ కిరాయి లేదు.

ఎర్ర ఇటుకే వాడేటట్లయితే ర్యాట్ ట్రాప్ కట్టుబడి గురించి మేస్త్రీతో మాట్లాడండి. కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ మన దేశంలో ప్రచారం చేసిన పద్ధతి ఇది. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు, గోడ మధ్యలో గాలి ఖాళీ మిగులుతుంది. తొమ్మిది అంగుళాల గోడకే దాదాపు నాలుగో వంతు ఇటుకలు ఆదా, ఆ ఖాళీ వల్ల వేడీ తక్కువ దిగుతుంది. మా ఇంట్లో ఇది పడమటి గోడకు చేయించాను. రెండో రోజు పనికి వెళ్ళేసరికి మేస్త్రీ ఆ ఖాళీలన్నిటినీ సిమెంటు మాలుతో నింపేస్తున్నాడు. గోడ డొల్లగా ఉంటే ఇల్లు నిలవదని ఆయన భయం, మన మంచి కోరే అలా చేశాడు. నాలుగు వరసలు విప్పించాల్సి వచ్చింది, ఆ రోజు కూలీ, మాలు రెండూ పోయాయి. కాబట్టి కొత్త పద్ధతి ఏదైనా ముందు మూడడుగుల నమూనా గోడ కట్టించి, ఎందుకు అలా కడుతున్నామో మేస్త్రీకి, కూలీలకు కూర్చోబెట్టి చెప్పండి.

పిల్లర్లు లేకుండా కట్టవచ్చా?

గట్టి ఎర్ర నేల, ఒకటి రెండు అంతస్తుల ఇల్లు అయితే, ఇంజనీరు నేల చూసి సరేనంటే రాతి పునాది మీద గోడల కట్టడం చాలు. రాయికి మన జిల్లాలో కొదవ లేదు. బేస్‌మట్టం (ఇంటి లోపలి నేల ఎత్తు) దగ్గర, లింటెల్ (గుమ్మాలు, కిటికీల పై అంచు) దగ్గర ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ మాత్రం మానకండి. నల్లరేగడి నేల, పూడ్చిన చెరువు నేల అయితే ఈ మాట వర్తించదు.

మా తాతగారి తొట్టి మిద్దె వేసవిలోనూ చల్లగా ఉండేది. మూడు సెంట్లలో అలాంటిది కుదురుతుందా?

ఇంటి మధ్యలో ఆకాశం కనబడేలా ఖాళీ వదిలే పూర్తి తొట్టి కుదరదు. కానీ దాని గుణం తెచ్చుకోవచ్చు. నడిమి తొట్టిలోంచి వేడి గాలి పైకి పోయేది, చుట్టూ వసారా గోడలకు నీడ ఇచ్చేది, మట్టి గోడలు మందంగా ఉండేవి. ఇప్పుడు నాలుగడుగులకు నాలుగడుగుల వెలుతురు బావి ఒకటి ఇంటి మధ్యలో పెట్టి, పైన చుట్టూ జాలీ వేసి, నెత్తిన మాత్రమే కప్పు వేయండి. వేడి గాలి జాలీల్లోంచి పోతుంది, పగలు హాలులో లైటు వేయాల్సిన పని ఉండదు. ముందు తిన్నె ఒకటి కట్టుకోండి. సాయంత్రం కూర్చునే చోటు, గోడకు నీడ, రెండూ అదే.

తలుపుల పైన వెంటిలేటర్లు కూడా మళ్ళీ తెచ్చుకోవాలి. ఫాల్స్ సీలింగ్ కోసం వాటిని మూసేయడం చూసినప్పుడల్లా మనసు ఒప్పదు.

వేసవిలో కిటికీలు ఎప్పుడు తెరవాలి?

రాత్రి ఎనిమిది తర్వాత అన్నీ తెరవండి, పొద్దున తొమ్మిదికి మూసి తెరలు దించండి. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. దోమతెర ఉన్న చట్రాలు మొదటే పెట్టిస్తే రాత్రి తెరవడానికి భయం ఉండదు.

ఏసీ లేకుండా గడుస్తుందా?

మేలో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో, ఇంట్లో పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే, ఒక గదికి ఏసీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఆ ఒక్క గదికి మిద్దె తెలుపు, పడమటి నీడ ముందే ఉంటే ఒక టన్ను సరిపోతుంది, తక్కువసేపు నడుస్తుంది.

ముందు ఫ్యాన్లు మార్చండి. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటు తినే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 65 యూనిట్ల దాకా మిగులుతాయి. వాడిన యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది కనుక, మిగిలేవి మన బిల్లులో అన్నిటికంటే ఖరీదైన యూనిట్లు.

సోలార్ పెట్టించాలా? ఎంత సామర్థ్యం?

పెట్టించండి, కానీ వాడకం తగ్గించాక. ఒక కిలోవాట్ పలకలు మన ఎండలో రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి, సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్ర రాయితీ ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు మించితే 78,000 రూపాయలు. నలుగురున్న ఇంటికి రెండు లేదా మూడు కిలోవాట్లు చాలు. దరఖాస్తు పథకం జాతీయ పోర్టల్‌లో చేయాలి. మనం వాడిన కరెంటు, తిరిగి ఇచ్చిన కరెంటు రెండూ లెక్కించే నెట్ మీటరు మన విద్యుత్ పంపిణీ సంస్థ ద్వారా వస్తుంది.

పలకలు దక్షిణానికి తిరిగి, 13 డిగ్రీల వాలుతో ఉండాలి. ఇల్లు కట్టేటప్పుడే మిద్దె మీద నుంచి మీటరు దాకా ఖాళీ పైపు ఒకటి గోడలో వేయించండి. తర్వాత గోడలు కొట్టించే బాధ తప్పుతుంది. ట్యాంకు నీడ పలకల మీద పడకుండా చూసుకోండి. పలకలు మిద్దెకు ఇచ్చే నీడ అదనపు లాభం.

వాన నీటితో నిజంగా ఎన్ని రోజులు గడుస్తుంది?

లెక్క వేద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 900 చదరపు అడుగుల మిద్దె దాదాపు 84 చదరపు మీటర్లు. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్లు పడుతుంది. అయిదో వంతు పోయినా 60,000 లీటర్లు చేతికొస్తాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540 లీటర్లు. అంటే నూటపది రోజుల నీరు మన నెత్తి మీదే పడుతోంది. దాన్ని వీధి కాలువలోకి వదిలి, మార్చి నుంచి ట్యాంకరుకు డబ్బు ఇస్తున్నాం.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన ముఖ్యం. అది వాయుగుండాలతో కుండపోతగా వస్తుంది. 100 మిల్లీమీటర్లు పడిన ఒక్క రోజే 8,000 లీటర్లు దిగుతాయి. అందుకే గొట్టాలు నాలుగు అంగుళాలకు తగ్గకూడదు, సంపు కనీసం 10,000 లీటర్లు ఉండాలి, పొర్లింది ఇంకుడు గుంతకు పోవాలి.

మా ఇంట్లో దిగే గొట్టానికి పక్కన మూత ఉన్న నిలువు గొట్టం ఒకటి ఉంది. తొలి వాన అందులోకే వెళ్తుంది. వాన వెలిశాక కింది మూత విప్పితే వేపాకులు, పిట్టల రెట్ట, దుమ్ము కలిసి టీ డికాక్షన్ రంగు నీళ్ళు జారతాయి. అది నిండాక వచ్చే నీరు కంకర, ఇసుక, బొగ్గు పొరల్లోంచి సంపులోకి దిగుతుంది. చెంబులో పట్టి చూస్తే అడుగున నలుసు కనబడదు. వాన నీరు మెత్తన, బట్టలకు సబ్బు తక్కువ పడుతుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. తాగాలంటే మాత్రం కాచి తాగండి.

బోరు వేస్తే చాలు కదా?

మన కింద ఉన్నది గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్ళలోనే ఉంటుంది. పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు వేసి దుమ్ము చూసినవాళ్ళు ఉన్నారు. పడినా అది పక్కింటి బోరుకూ చెందిన పగులే. వేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకుని, అదే రోజు దాని పక్కన ఇంకుడు గుంత కూడా తవ్వండి. సెప్టిక్ ట్యాంకు స్థలంలో ఎదురు మూలకు, వీలైనంత దూరంగా ఉండాలి. బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో పెట్టే అలవాటు ఎలాగూ ఉంది. స్థలం చిన్నదైతే ఆ దూరం కూడా చాలదు, నీటిని పరీక్ష చేయించండి.

వాడిన నీటిని మళ్ళీ వాడవచ్చా?

కట్టేటప్పుడే మరుగుదొడ్డి గొట్టం, స్నానాల గది గొట్టం వేరువేరుగా బయటికి తీయించండి. ఇంతకు మించిన సలహా నీటి విషయంలో నా దగ్గర లేదు. కలిసిపోయాక ఎవరూ విడదీయలేరు. స్నానం నీళ్ళు మెట్టతామర, చేమ నాటిన కంకర మడిలోంచి పారించి అరటికి, కొబ్బరికి పెట్టండి. వంటింటి నీటికి జిడ్డు ఆపే చిన్న తొట్టి ముందు ఉండాలి, వారానికోసారి తీయాలి.

ఫ్లష్ ట్యాంకు రెండు బొత్తాలది కొనండి. పాతవి పది లీటర్లు వదిలేవి, ఇవి మూడు లేదా ఆరు. నలుగురున్న ఇంట్లో రోజుకు 120 లీటర్లకు పైగా మిగులుతాయి.

2021 నవంబరు వానల్లా మళ్ళీ వస్తే?

ఆ నవంబరులో తిరుపతి వీధులు నదులయ్యాయి, రాయల చెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేశాయి. స్థలం కొనే ముందు ఆ వారంలో నీరు ఎంతవరకు వచ్చిందో ఆ వీధిలో పాతవాళ్ళను అడగండి, గోడల మీద మరకలు చూపిస్తారు. బేస్‌మట్టం రోడ్డుకు మూడడుగులు ఎత్తు ఉండాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ కొంత పెరుగుతుందని మరవకండి. సంపు మూత నేలకు సమంగా కాక అడుగు పైకి ఉంటే మురుగు లోపలికి దిగదు. కరెంటు మీటరు, ఇన్వర్టరు నడుము ఎత్తుకు పైన.

స్లాబుకు ఎన్ని రోజులు నీళ్ళు కట్టాలి?

మన ఎండకు పద్నాలుగు రోజులు. మిద్దె మీద మడులు కట్టి నీరు నిలపండి, పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడపండి. ఇక్కడ మిగిల్చిన ట్యాంకరు డబ్బు తర్వాత నెర్రెలకు ఖర్చవుతుంది.

మా ఇల్లు కట్టి పదేళ్ళయింది. ఇప్పుడేమైనా చేయగలమా?

చేయగలరు. ఈ ఫిబ్రవరిలో మిద్దెకు సున్నం, మార్చిలో పడమటి గోడ ముందు చట్రం, బచ్చలి విత్తనాలు. ఫ్యాన్లు పాడైనప్పుడల్లా ఒక్కొక్కటిగా మార్చండి. మిద్దె మీది నుంచి వీధి కాలువలోకి దిగే గొట్టం ఎక్కడుందో ఈ సాయంత్రమే చూడండి. దాని కింది వంపు కోసి సంపు వైపు తిప్పడం ప్లంబరుకు ఒక పూట పని. అక్టోబరులోపు ఆ పని అయిపోవాలి.